మూడొందల చిప్పు నాలుగొందల యాభై ఎలా అయింది?

ఓవర్‌క్లాకింగ్ అనగానే మనవాళ్లలో చాలామందికి రంగురంగుల లైట్లు, గాజు తలుపు కేబినెట్టు, లోపల తిరిగే నీళ్ల గొట్టాలు గుర్తొస్తాయి. డబ్బెక్కువైనవాళ్ల సరదా అనుకుంటారు. నిజానికి ఇది పెరిగింది పూర్తిగా ఉల్టా కారణంతో. జేబులో డబ్బు తక్కువున్నవాళ్లు, కొన్నదాంట్లోంచే ఇంకాస్త పిండుకుందామని చేసిన పని ఇది.

ఈ కథలో హీరో ఒక చవక ప్రాసెసర్. పేరు సెలెరాన్ 300ఏ. పాతికేళ్లు దాటిన ఆ చిప్పు గురించి ఇప్పుడెందుకంటారా? 1998లో అది లేవనెత్తిన ప్రశ్న 2024లో ఇంటెల్ కంపెనీ మెడకే చుట్టుకుంది కాబట్టి. ఆ ప్రశ్న ఏంటంటే: చిప్పులో వాడకుండా మిగిలిపోయిన సత్తువ ఎవరిది? అమ్మినవాడిదా, కొన్నవాడిదా? దాన్ని వాడుకుంటే పూచీ ఎవరు పడాలి?

ముందు కాస్త పాత సంగతి. 1984లో ఐబీఎం కంపెనీ పీసీ ఏటీ అనే మెషీన్ తెచ్చింది. అందులో 286 ప్రాసెసర్, 6 మెగాహెర్ట్జ్. బోర్డు మీద 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి ఉండేది, దాన్ని రెండుతో భాగించి ప్రాసెసర్‌కి ఇచ్చేవాళ్లు. కొందరు ఆ క్రిస్టల్ పీకేసి 16 మెగాహెర్ట్జ్‌ది పెట్టారు. ప్రాసెసర్ 8 మీద హాయిగా నడిచింది. ఐబీఎం వాళ్లు ఊరుకున్నారా? తర్వాత వచ్చిన బయోస్‌లో వేగం కొలిచే పరీక్ష ఒకటి పెట్టి, లెక్క తేడా వస్తే మెషీన్ మొదలవకుండా చేశారు. మళ్లీ 1986లో తామే 8 మెగాహెర్ట్జ్ ఏటీని అమ్మారు! అంటే ఓవర్‌క్లాకింగ్ ఎంత పాతదో, దానికి తాళం వెయ్యడం కూడా అంతే పాతదన్నమాట.

అసలు ఈ మిగులు ఎక్కణ్ణుంచి వస్తుంది? నూజివీడు తోటల్లో మామిడికాయలు ఏరడం చూసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఒకే చెట్టు కాయల్లో పెద్దవి ఒక బుట్టలోకి, చిన్నవి ఒక బుట్టలోకి వేస్తారు. చిప్పులు కూడా అంతే. ఒకే సిలికాన్ పళ్లెం మీద తయారైనవి కూడా అన్నీ ఒకేలా ఉండవు. పరీక్షించి, ఇది ఇంత వేగానికి, అది అంత వేగానికి అని వేరుచేస్తారు. ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఒకటి, తయారీ బాగా కుదిరాక దాదాపు అన్నీ పెద్దకాయలే వస్తాయి. కానీ బజార్లో చిన్నకాయలకి గిరాకీ ఎక్కువ. అప్పుడు పెద్దకాయల్నే చిన్నకాయల బుట్టలో వేసి చిన్నకాయ ధరకి అమ్మాల్సి వస్తుంది. రెండోది, కంపెనీవాడు పూచీ ఇచ్చేది మంచి రోజుకి కాదు, చెడ్డ రోజుకి. కరెంటు కాస్త తక్కువొచ్చినా, కేబినెట్ వేడెక్కినా, చిప్పు కొన్నేళ్లు ముసలిదైనా, రాసిన వేగంతో తప్పులేకుండా పనిచెయ్యాలి. అందుకని కొంత జాగా వదిలి రాస్తాడు. లిఫ్టులో "8 మంది" అని రాస్తారు కదా, తొమ్మిదోవాడు ఎక్కగానే తాడు తెగదు. అలాగని ఆ జాగా ఊరికే వదిలింది కూడా కాదు.

సరే, 1998కి వద్దాం. ఆ ఏడాది ఏప్రిల్లో ఇంటెల్ మొదటి సెలెరాన్‌ని తెచ్చింది, 266 మెగాహెర్ట్జ్. చవగ్గా ఇవ్వాలని రెండో స్థాయి కేష్‌ని మొత్తం తీసేశారు. మనలో ప్రోగ్రాములు రాసేవాళ్లకి దాని ఫలితం వేరే చెప్పక్కర్లేదు. కావాల్సిన డేటా కోసం ప్రతిసారీ నెమ్మదైన మెమరీ దాకా పరిగెత్తాల్సిందే. పత్రికలవాళ్లు ఉతికి ఆరేశారు. ఇంటెల్ దిద్దుకుని ఆగస్టులో రెండో రకం తెచ్చింది. అదే 300ఏ. ఈసారి 128 కిలోబైట్ల కేష్‌ని చిప్పులోనే పెట్టారు. అసలు తమాషా ఇక్కడే ఉంది. అప్పటి ఖరీదైన పెంటియం 2లో కేష్ 512 కిలోబైట్లు ఉండేది కానీ, అది విడి చిప్పుల్లో, ప్రాసెసర్ వేగంలో సగం వేగంతో నడిచేది. సెలెరాన్ కేష్ చిన్నదే అయినా ప్రాసెసర్‌తో సమానంగా పరిగెత్తేది. తమ్ముడికి చవక చొక్కా కుట్టిద్దామని వెళ్లి పట్టుచొక్కా కుట్టించినట్టయింది ఇంటెల్ పని :)

ఇప్పుడు చిన్న లెక్క. ప్రాసెసర్ వేగం అంటే బోర్డు మీద బస్సు వేగాన్ని ఒక గుణకంతో గుణిస్తే వచ్చేది. 300ఏలో గుణకం నాలుగున్నర. దాన్ని మార్చే వీల్లేకుండా ఇంటెల్ తాళం వేసింది. దానికి చెప్పుకున్న కారణం కూడా కొట్టిపారేసేది కాదు. అప్పట్లో కొందరు వ్యాపారులు తక్కువ వేగం చిప్పుల మీద రాత చెరిపేసి, ఎక్కువ వేగం అంకె అచ్చేసి అమ్మేవాళ్లు. కొన్నవాడికి తెలిసేది కాదు. తాళంతో ఆ మోసానికి కొంత అడ్డు పడింది. ఖరీదైన చిప్పుల అమ్మకాలకీ రక్షణ దొరికింది. రెండూ నిజమే.

కానీ బస్సుకి తాళం లేదు. సెలెరాన్‌కి 66 మెగాహెర్ట్జ్ బస్సు. 66ని నాలుగున్నరతో గుణిస్తే 300. అదే ఏడాది ఏప్రిల్లో వచ్చిన ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ బోర్డులు 100 మెగాహెర్ట్జ్ బస్సుకి తయారై ఉన్నాయి, పెంటియం 2 కోసం. 100ని నాలుగున్నరతో గుణిస్తే? 450. ఆ రోజుల్లో ఇంటెల్ అమ్మే అత్యంత వేగమైన డెస్క్‌టాప్ ప్రాసెసర్ పెంటియం 2 వేగం కూడా సరిగ్గా 450. రెండూ ఒకే రోజు విడుదలయ్యాయి కూడా. టోకున కొనేవాళ్లకి 300ఏ ధర 149 డాలర్లు, పెంటియం 2 ధర 669 డాలర్లు. అప్పటి డాలరు లెక్కన ఒకటి సుమారు 6,300 రూపాయలు, రెండోది సుమారు 28,000. పన్నులూ, దుకాణదారు లాభం కలపకుండానే!

మరి అందరి 300ఏలూ 450 అయ్యాయా? అవలేదు. చాలావరకు అయ్యాయి. కొన్ని మామూలు 2.0 వోల్టుల దగ్గరే అయ్యాయి, కొన్నిటికి 2.1, 2.2 ఇవ్వాల్సి వచ్చింది, కొన్ని మొరాయించాయి. తైవాన్ కంపెనీ ఆబిట్ తయారుచేసిన బీహెచ్6 అనే బోర్డు ఈ పనికి ఎక్కువ పేరు తెచ్చుకుంది. అంతకుముందు బోర్డుల్లో జంపర్లు పీకి పెట్టాల్సి వచ్చేది, ఇందులో బస్సు వేగం, వోల్టేజి బయోస్ తెరమీదే మార్చుకోవచ్చు. అలాంటి బోర్డు లేనివాళ్లు ఇంకో చిట్కా చేశారు. ప్రాసెసర్ కార్డుకి ఉన్న బీ21 అనే పిన్ను బోర్డుకి "నాది 66 బస్సు" అని చెప్పేది. దానిమీద సన్నటి టేపు ముక్క అంటిస్తే బోర్డుకి ఆ మాట వినపడదు, 100 ఇచ్చేస్తుంది. టేపు ముక్కతో ఇరవై వేల తేడా!

ఇక్కడ చాలామంది బోల్తాపడ్డ సంగతి ఒకటుంది. 100 కుదరకపోతే 83 పెట్టుకుందాం, తక్కువే కదా, క్షేమంగా ఉంటుంది అనుకునేవాళ్లు. అది ఉల్టా. బోర్డు మీద సౌండు కార్డు, నెట్‌వర్క్ కార్డు, హార్డ్ డిస్క్ కంట్రోలర్ ఉండేది పీసీఐ బస్సు మీద. దానికి 33 మెగాహెర్ట్జ్ కావాలి. 66 ఉన్నప్పుడు రెండుతో భాగిస్తే 33. 100 ఉన్నప్పుడు మూడుతో భాగిస్తే మళ్లీ 33. కానీ 83 పెడితే భాగహారం రెండే, పీసీఐకి 41 దాటి వెళుతుంది. ప్రాసెసర్ బాగానే ఉంటుంది, హార్డ్ డిస్క్ మీద ఫైళ్లు చెడిపోతాయి. అంటే 375 కన్నా 450 క్షేమం! ఒక అంకె పెంచుతున్నాం అనుకుంటాం కానీ, దాని వెనక తాడు కట్టుకుని ఎన్ని అంకెలు కదులుతున్నాయో చూసుకోవాలి. ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక లైను మార్చి ప్రొడక్షన్ పడగొట్టినవాళ్లకి ఈ నొప్పి బాగా తెలుసు.

తర్వాత వేడి. చిప్పు తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజికైతే వర్గంతో పెరుగుతుంది. 300 నుంచి 450కి వెళితే ఒకటిన్నర రెట్లు. దానికి తోడు 2.0 వోల్టుల్ని 2.2 చేస్తే ఇంకో 1.21 రెట్లు. మొత్తం 1.8 రెట్లు పైనే. ఆ వేడి బయటికి పోవాలి. పోయేది గదిలోకే. ఫ్యాను ఎంత మంచిదైనా చిప్పుని గది కన్నా చల్లగా చెయ్యలేదు. మీ హీట్‌సింక్ చిప్పుని గది మీద పాతిక డిగ్రీల ఎక్కువలో ఆపుతోందనుకుందాం. డిసెంబర్లో గది 22 ఉంటే చిప్పు 47. మేలో ఏసీ లేని గది 40 ఉంటే చిప్పు 65. తైవాన్‌లోనో అమెరికాలోనో చల్లటి గదిలో పరీక్షించినవాడు రాసిన అంకె రామగుండంలో, రెంటచింతలలో చెల్లదు. మన దగ్గర ఓవర్‌క్లాక్‌ని ఖాయం చేసుకోవాల్సింది రోహిణీ కార్తెలో, సంక్రాంతి సెలవుల్లో కాదు.

మన దగ్గర అంటే గుర్తొచ్చింది. ఆ 1998 నవంబర్లోనే హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఊరికి ఆ చివర గాజు మేడలు లేస్తుంటే, ఈ చివర సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండేది. మనందరి నోట్లో సీటీసీ. అసెంబుల్డ్ పీసీ అంటే అక్కడికే. బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో, కేబినెట్టూ ఎస్ఎంపీఎస్ మరో షాపులో బేరమాడి కొని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకోవడం ఒక తరానికి హార్డ్‌వేర్‌లో మొదటి పాఠం. బేరంలో అందరూ తగ్గించేది ఎస్ఎంపీఎస్ మీదే. ఎందుకంటే దానికి మెగాహెర్ట్జ్ ఉండదు, గొప్పగా చెప్పుకోలేం. కానీ ఓవర్‌క్లాక్ ముందుగా తన్నేది అక్కడే. వోల్టేజి నిలకడగా లేకపోతే, ప్రాసెసర్ ఎంత మంచిదైనా ఏ లాభమూ లేదు.

ఇంతకీ నిలకడ అంటే ఏంటి? చాలామందికి విండోస్ తెరుచుకుంటే నిలకడే. గంటసేపు గేమ్ ఆడితే ఇంకా నిలకడ. కాదండీ. చిప్పు లోపల ఒక సంకేతం ఒక టిక్కులోపు తన గమ్యం చేరాలి. వేగం పెంచితే టిక్కు చిన్నదవుతుంది. చేరలేని సంకేతం చేసే పని మెషీన్‌ని ఆపడం కాదు, తప్పు విలువ ఇవ్వడం. ఆ తప్పు విలువ పాయింటర్‌లో పడితే క్రాష్ అవుతుంది, అది అదృష్టం. ఎక్సెల్ షీటులో ఒక అంకెలోనో, ఫోటో ఫైల్లో ఒక బైటులోనో పడితే ఎవరికీ తెలియదు. క్రాష్ అయ్యే మెషీన్ కన్నా క్రాష్ అవకుండా తప్పు లెక్క చేసే మెషీన్ ప్రమాదం.

లినక్స్ వాడేవాళ్లకి ఇది బాగా అనుభవం. కెర్నల్ కంపైల్ చేస్తుంటే జీసీసీ సిగ్నల్ 11 అని చచ్చిపోయేది. మళ్లీ మేక్ కొడితే ఆ ఫైలు దాటి ఇంకోచోట చచ్చేది. ప్రోగ్రాములో తప్పుంటే ప్రతిసారీ ఒకేచోట రావాలి. చోటు మారుతోందంటే తప్పు హార్డ్‌వేర్‌లో ఉందని అప్పటివాళ్లు నేర్చుకున్నారు. తర్వాత ప్రైమ్95 వచ్చింది. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో పెద్ద ప్రధాన సంఖ్యల వేట కోసం మొదలుపెట్టిన పనిలోది ఆ ప్రోగ్రాము. వారాల తరబడి సాగే లెక్కలో ఒక్క బిట్టు తప్పినా అంతా వృథా. అందుకని జవాబు ముందే తెలిసిన లెక్కలు చేయించి సరిచూసే పరీక్ష అందులో పెట్టారు. ఓవర్‌క్లాక్ చేసేవాళ్లు దాన్నే తమ గీటురాయి చేసుకున్నారు. రాత్రంతా నడిచి పొద్దున్నకి ఒక్క తప్పు లేకపోతే సరే. ఒక్క తప్పొచ్చినా ఒక మెట్టు దిగాలి. "ఒక్కటేగా" అనడానికి లేదు.

పాత డెస్క్‌టాప్‌ని ఇవాళ ఎవరైనా సరదాకి పెంచుదామన్నా పద్ధతి అప్పటిదే. ముఖ్యమైన ఫైళ్లు ముందు వేరే డిస్క్‌లోకి తీసుకోవాలి. దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయాలి. ఒక్కసారి ఒక్క అంకె మాత్రమే మార్చాలి, మార్చినదల్లా కాగితం మీద రాసుకోవాలి. మెమరీని విడిగా, ప్రాసెసర్‌ని విడిగా పరీక్షించాలి. వోల్టేజి పెంచడం ఆఖరి మాటగా ఉండాలి. ఎక్కడ పరీక్ష తప్పుతుందో కనుక్కున్నాక, దానికి ఒకటి కాదు, రెండు మెట్లు కింద ఆగాలి. ఆ రెండు మెట్లూ ఎండాకాలానికీ, ముసలితనానికీ.

ఇదంతా ఒకరి ఇంట్లో ఒకరి సరదా, మనకేం పోయింది అంటారేమో. సాఫ్ట్‌వేర్‌వాళ్లకి పోతుంది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే రేమండ్ చెన్ 2005లో ఒక సంగతి రాశాడు. విండోస్ నుంచి వచ్చే క్రాష్ రిపోర్టుల్లో కొన్ని ఎవరికీ అంతుచిక్కలేదు. రిజిస్టర్‌ని సున్నా చేసే ఇన్‌స్ట్రక్షన్ దగ్గర క్రాష్! అది మెమరీని ముట్టుకోదు, అక్కడ తప్పు జరిగే వీలే లేదు. ఆరా తీస్తే, అలాంటి మెషీన్లు చాలావరకు ఓవర్‌క్లాక్ చేసినవి. ఇంకా ఘోరం, కొందరికి తమ మెషీన్ ఓవర్‌క్లాక్ అయ్యుందనే తెలియదు. అమ్మినవాడు పెంచి అమ్మాడు. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పది లక్షల ఇంటి కంప్యూటర్ల క్రాష్ రిపోర్టులు చూసి ఒక పేపర్ రాశారు. పెంచిన మెషీన్లలో ప్రాసెసర్ తప్పులు మామూలువాటికి ఎన్నో రెట్లు. వేగం తగ్గించి నడిపినవాటిలో మామూలువాటికన్నా తక్కువ. ఒకసారి తప్పు చేసిన మెషీన్ మళ్లీ చేసే అవకాశం విపరీతంగా పెరుగుతుందని కూడా తేలింది.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1999లో ఆబిట్ బీపీ6 బోర్డు మీద రెండు సెలెరాన్లు పెట్టి నడిపారు. విండోస్ 98 రెండోదాన్ని గుర్తించేది కాదు, ఎన్‌టీ, లినక్స్ గుర్తించేవి. 2000లో ఏఎండీ డ్యూరాన్, థండర్‌బర్డ్ చిప్పుల మీద తెగిన చిన్న వంతెనల్ని మామూలు పెన్సిల్‌తో గీసి కలిపితే గుణకం తాళం ఊడిపోయేది! 2003లో ఏఎండీ బార్టన్ 2500+ చిప్పుకి బస్సు 166 బదులు 200 పెడితే, సరిగ్గా 3200+ వేగం వచ్చేది. 2007 ప్రాంతంలో ఇంటెల్ క్యూ6600ని 2.4 నుంచి 3 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్లడం మామూలైపోయింది. 2008 చివర ఆబిట్ బోర్డుల వ్యాపారం మూసేసింది. 2011లో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ చిప్పులతో బస్సుకీ దాదాపుగా తాళం పడింది. పెంచుకోవాలంటే పేరు చివర "కే" అక్షరం ఉన్న చిప్పు ఎక్కువ డబ్బు పెట్టి కొనాలి. పేదవాడి చిట్కా ధనవంతుడి ఫీచర్ అయింది. పెన్సిల్ పోయి ప్రైస్ ట్యాగ్ వచ్చింది.

ఈలోగా కంపెనీలు ఇంకో పని చేశాయి. ఆ మిగులుని అవే వాడుకోవడం మొదలుపెట్టాయి. 2008లో వచ్చిన ఇంటెల్ టర్బో బూస్ట్ అర్థం అదే. వేడికీ కరెంటుకీ జాగా ఉంటే చిప్పే తన వేగం తాను పెంచుకుంటుంది. మంచి ఆలోచనే. కానీ పోటీ పెరిగేకొద్దీ అంచుకి ఇంకా దగ్గరగా జరుగుతూ వచ్చారు. 2023లో వచ్చిన కోర్ ఐ9 14900కే డబ్బా మీద 6 గిగాహెర్ట్జ్ అని ఉంది. దాని కనీస పూచీ వేగం 3.2. బోర్డుల కంపెనీలు ఇంకా ముందుకెళ్లి ఇంటెల్ చెప్పిన పవర్ పరిమితుల్ని కూడా దాటించి, అదే మామూలు సెట్టింగుగా ఇచ్చాయి.

ఆ తర్వాత 13, 14 తరాల చిప్పులున్న మెషీన్లలో గేములు పడిపోవడం మొదలైంది. వీడియో మెమరీ చాల్లేదని ఎర్రర్ వచ్చేది. జనం గ్రాఫిక్స్ కార్డుని తిట్టారు, గేమ్ రాసినవాళ్లని తిట్టారు. తప్పు ప్రాసెసర్‌ది. 2024లో ఇంటెల్ ఒప్పుకుంది: ఎక్కువ వోల్టేజి, వేడి కలిసి చిప్పులో గడియారం సంకేతాన్ని పంచే భాగాన్ని ముందే ముసలిదాన్ని చేస్తున్నాయి. మైక్రోకోడ్ మార్చింది, వారంటీ మరో రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పు మాత్రం మైక్రోకోడ్‌తో బాగవదు, మార్చాల్సిందే.

1998లో బోల్తాపడ్డ కుర్రాడికీ 2024లో ఇంటెల్‌కీ మధ్య తేడా నాకు ఒక్కటే కనిపిస్తుంది. ఆ కుర్రాడికి తాను పూచీని చింపేస్తున్నానని తెలుసు. రాత్రంతా ప్రైమ్95 నడిపి, తప్పొస్తే ఒక మెట్టు దిగేవాడు. 2024లో చిప్పు కొన్నవాడు ఏమీ పెంచలేదు, డబ్బాలోంచి తీసి పెట్టాడంతే. పెంచింది వేరేవాళ్లు, పడింది ఇతని మీద.

కాబట్టి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇది. మిగులు కొన్నవాడిదే, అనుమానం లేదు. తాళం వేసి, తాళం చెవి వేరే అమ్మడం నాకు నచ్చదు. కానీ మిగులుతో పాటు దాని పూచీ కూడా చేతులు మారుతుంది. ఎవరు వేగం పెంచారో వాళ్లే నిలకడకి జవాబు చెప్పాలి, అది ఇంట్లో కుర్రాడైనా, శాంటాక్లారాలో కంపెనీ అయినా. మనం రాసే సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. సర్వర్ కెపాసిటీలో ముప్పై శాతం ఖాళీగా ఉందని మేనేజర్ అడిగితే, అది ఖాళీ కాదు, రోహిణీ కార్తె కోసం ఉంచిందని చెప్పండి.